ఊడని పన్ను

పేరు మృదుల. చేసేదంతా గట్టి వస్తువులతో పని. "నీ కొలువు సంగతి ముందుగాల తెలిసుంటే మీ నాయిన నీకు వజ్రమ్మ అని పేరు పెట్టేటోడు" అని మామగారు లింగమూర్తి సారు ఆటపట్టించేవారు.

శంషాబాద్ దాటాక రాళ్ళగుట్టల నడుమ ఉన్న ఒక లోహ పరిశోధనాలయంలో లేజర్ విభాగం ఆమె చేతిలో ఉండేది. ఏళ్ళ తరబడి ఆమె ఒకే పని మీద కూర్చుంది. కార్బైడ్ ముక్కను ఉక్కుకు అతకాలి, ఆ అతుకు ఊడకూడదు. అంతే.

కార్బైడ్ అంటే ఏమిటని ఎవరడిగినా ఆమె పల్లీపట్టి పోలిక చెప్పేది. పల్లీల బదులు టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలు, బెల్లం పాకం బదులు కోబాల్ట్. గింజలు రాతిని కోస్తాయి, పాకం వాటిని పట్టి ఉంచుతుంది. బొగ్గు గనుల్లో యంత్రాల పళ్ళకు కొసన ఉండేది అదే. పంటి ఒళ్ళంతా ఉక్కు, కొస మాత్రం కార్బైడ్. మామూలుగా ఆ రెంటినీ వెండి కలిసిన టంకంతో అతికిస్తారు. కొన్నాళ్ళు నరికాక టంకం వదులవుతుంది, కొస ఊడిపోతుంది.

లేజర్ అయితే రెప్పపాటులో కరిగించి కలిపేస్తుంది. కానీ వేడికి ఉక్కు ఉబ్బినంతగా కార్బైడ్ ఉబ్బదు. చల్లారేటప్పుడు ఉక్కు ముడుచుకుపోతుంటే కార్బైడ్ మొండిగా నిలబడుతుంది. అప్పుడు 'టిక్' మని చిన్న చప్పుడు వస్తుంది. ముక్క పగిలిందని అర్థం. ఆ చప్పుడు వినీ వినీ మృదులకు ఇంట్లో గాజుగ్లాసు కింద పడినా గుండె జారిపోయేది.

ఇంట్లో ఉండేది ఆమె, మామగారు. లింగమూర్తి సారు గోదావరి ఒడ్డు బొగ్గుగని ఊళ్ళో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య భూలక్ష్మి పోయాక కోడలి దగ్గరికి వచ్చేశారు. కొడుకు వేణుమాధవ్ అక్కడే, భూగర్భ గనిలో అండర్ మేనేజరు. వారానికోసారి సెలవు దొరికితే హైదరాబాద్ వస్తాడు.

"కొడుకు కాడ ఉండక కోడలు కాడ ఉంటవేంది సారూ?" అని పాత స్నేహితులు ఫోన్‌లో అడిగేవారు.

"వాడు పొద్దంతా భూమి లోపలనే ఉంటడు. మాట్లాడనీకె మనిషి కావాలె గద" అనేవారాయన.

ఇద్దరికీ మాటలకు కొదవ లేదు. సాయంత్రం చాయ్ దగ్గర ఆమె తన పగిలిన ముక్కల గోడు వెళ్ళబోసుకునేది. ఒకరోజు, ఉక్కుకూ కార్బైడ్‌కూ మధ్య నికెల్, ఇంకా రెండు మూడు లోహాలు కలిపిన పొడిని పలచగా పరిచి, లేజర్‌ను ఒక్కసారిగా కాకుండా తుంపర జల్లులా విడగొట్టి కొడితే 'టిక్' మనలేదని చెప్పింది. ఆ ముక్కలు రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పొరకు చెరో పక్క ఒదిగిపోయాయట.

సారు కళ్ళు మెరిశాయి. "అది యడాగమం గద బిడ్డా! 'మా' పక్కన 'అమ్మ' నిలవలేదు, రెండు అచ్చులు కొట్టుకుంటయి. నడుమ ఒక యకారం వచ్చి కూసుంటది. 'మాయమ్మ' అయితది. ఇద్దరికి గొడవ లేదు."

ఆ పేరే ఖాయమైంది. పరిశోధనాలయంలో అందరూ ఆ పొరను యడాగమం అనడం మొదలుపెట్టారు. తెలుగు రాని వాళ్ళు కూడా.

అసలు వింత ఆ తర్వాత బయటపడింది. సూక్ష్మదర్శిని దగ్గర పనిచేసే నస్రీన్ ఒక పొద్దున కంగారుగా పిలిచింది. "మేడం, నిన్న పగులున్న ముక్కను ట్రేలో పెట్టిన. ఇయ్యాల పగులు లేదు. ముక్క మారిపోయిందేమో."

ముక్క మారలేదు. ఇద్దరూ కలిసి ఇంకో ముక్కను కావాలనే పగలగొట్టి, దాని ఎదుటే కూర్చున్నారు. మోకాలు చెక్కుకుపోతే మీద పలచటి పొర కట్టినట్టు, యడాగమం లోపలి నుంచి లోహం మెల్లగా పాకి వచ్చి పగులును పూడ్చుకుంది. అది ఊడని అతుకే కాదు. తన గాయాన్ని తానే మాన్చుకునే అతుకు.

మృదుల ఆ సాయంత్రం ఇంటికి పరుగున వచ్చింది. మామగారి చేతుల్లో ఉన్న అడకత్తెర లాక్కుంది. అది భూలక్ష్మి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నెమలి తల పిడి, నల్లబడ్డ ఉక్కు. అంచు ఏనాడో మొద్దుబారింది. కొత్తది కొనిస్తానంటే ఆయన ఒప్పుకోరు. వక్క నలగక చిట్లుతున్నా దానితోనే తంటాలు పడతారు. మరుసటి రోజు ఆమె దాని అంచుకు సన్నటి కార్బైడ్ పట్టీ యడాగమంతో అతికించి తెచ్చింది. ఆయన ఒక వక్క పెట్టి నొక్కారు. వెన్నలో దిగినట్టు దిగింది.

"మీ అత్త ఉండి ఉంటే ఊరంతా తిరిగి చూపెట్టేది" అన్నారాయన. ఆ పూట మామూలు కంటే ఎక్కువ వక్కలు నమిలారు.

ప్రయోగాలు, అనుమతులు, తనిఖీలు. అవన్నీ దాటుకుని మరో సంవత్సరానికి యడాగమం పళ్ళు గనిలోకి దిగాయి. మొదట దిగింది వేణు పనిచేసే గనిలోనే. బొగ్గు నరికే యంత్రానికి ముందువైపు పెద్ద డోలు ఉంటుంది. దాని ఒంటినిండా పళ్ళు. మునుపు ప్రతి షిఫ్టులో యంత్రం ఆపి, దీపం పట్టుకుని, ఏ పన్ను ఊడిందో చూసి కొత్తది దిగగొట్టేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటీ ఊడలేదు. కొన్నాళ్ళు చూశారు. ఊడనిదాన్ని రోజూ చూడటం దేనికని తనిఖీ నెలకోసారి చాలన్నారు. మృదుల కూడా అది సరేనని రాసిచ్చింది.

"బొగ్గు బాయిల అందరు నిన్ను పండ్ల డాక్టరమ్మ అంటున్నరు" అని వేణు సెలవుకు వచ్చినప్పుడు చెప్పాడు. "కొమురయ్యకైతే నువ్వంటే దేవతనే. మిషన్ నడిపేది ఆయనే గద. పన్ను మార్చేటప్పుడు ఆయన వేలు రెండుసార్లు నలిగింది. నీకు దండం పెట్టమన్నడు."

"నువ్వు పెట్టావా మరి?" అంది మృదుల.

వేణు నిజంగానే వంగి దండం పెట్టబోయాడు. వంటింట్లోంచి సారు చూసి, "వాని తెలివి ఇన్నేండ్లకు పెరిగింది" అన్నారు.

అలా సుఖంగా రోజులు గడుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే మృదులకు వక్కపొడి పొట్లాల కాగితాలు కనిపించాయి. ఒకటి రెండు కాదు. అడుగున ఇంకా ఉన్నాయి. సారుకు పొట్లాల వక్కపొడి అంటే గిట్టదు. 'సెంటు పూసిన కట్టెపొట్టు' అని తిట్టేవారు. అలాంటి మనిషి దొంగచాటుగా అదే తింటున్నాడంటే పళ్ళు కదులుతున్నాయన్నమాట. నమలలేకపోతున్నాడు, చెప్పుకోవడానికి నామోషీ పడుతున్నాడు. ఆమెకు జాలి వేసింది. ఏమీ అడగకుండా దంత వైద్యుడి దగ్గర టైము తీసుకుని, గుడికని చెప్పి కారెక్కించింది.

డాక్టరు అద్దం పెట్టి పైవరస, కింది వరస చూశాడు. "పెద్దాయనా, మీ పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. నాకే పని లేదు" అన్నాడు.

మృదుల అయోమయంగా చూసింది. "మరి ఆ వక్కపొడి పొట్లాలెందుకు మామా?"

కుర్చీలో వాలి ఉన్న సారు నోరు మూసుకుని, మెల్లగా లేచి కూర్చున్నారు. క్లాసులో దొరికిపోయిన పిల్లాడి మొహం పెట్టారు.

"నా పండ్లకేం కాలే బిడ్డా. ఇరిగింది నీ పన్ను."

"నా పన్నా?"

"అడకత్తెర. అంచు రాలిపోయింది. నువ్వు అంత ప్రేమతోని చేసిస్తివి. ఇరిగిందంటే నీ మనసు చిన్నబోతదని దాచిపెట్టిన. బతుకమ్మ పండుగప్పటి సంది."

మృదులకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంత దానికా మామా?" అంది. డాక్టరూ నవ్వాడు. మెట్లు దిగుతుండగా ఆమె నవ్వు ఆగిపోయింది. కారు తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడింది.

"మామా, ఊడిందా, ఇరిగిందా?"

"ఊడలే. అతుకు మంచిగనే ఉన్నది. ముందటి అంచే పొడి పొడి అయింది."

ఇంటికి వెళ్ళగానే ఆయన బీరువాలో పంచెల కింద రుమాల్లో చుట్టిపెట్టిన అడకత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అతుకు నిగనిగలాడుతోంది. చేసిన రోజుకంటే బలిసినట్టుంది. దాని పైన ఉండాల్సిన కార్బైడ్ మాత్రం మోటుగా విరిగి ఉంది. మిగిలిన ముక్క మీద ఆమె గోరు పెట్టి నొక్కింది. లోకంలో అంత గట్టి పదార్థం, పుట్నాల పొడిలా వేలికి అంటుకుంది.

ఆమె దాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టి, కారు తాళాలు తీసుకుంది.

పరిశోధనాలయంలో దాన్ని చూసి నస్రీన్ పెదవి విరిచింది. "పైనుంచి ఏం తెలుస్తలేదు మేడం. లోపల చూడాలంటే అడ్డంగా కోయాలె. పిడితో సహా. లేకుంటే పట్టుకోనీకె రాదు."

మృదుల అడకత్తెర వైపు చూసింది. అత్తగారి చేతి రాపిడికి నెమలి మెడ నునుపుదేరి ఉంది. వెంట వచ్చిన మామగారు కొంచెం దూరంలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయనే లేచి వచ్చారు.

"ఏమంటున్నది ఆ పిల్ల? కోయాల్నా?"

"అవును మామా. కోస్తే మళ్ళీ అతకదు."

ఆయన దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, తెరిచి మూశారు. "ఇందులున్న అతుకే వేణు బాయిల కూడ ఉన్నది గద?"

"ఉన్నది."

"మరి అడుగుడేంది? కొయ్యి."

ఆయన కోత యంత్రం వైపు చూడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట గుట్టల మీద మేస్తున్న మేకలను చూస్తూ నిలబడ్డారు. చక్రం ఉక్కును కోస్తున్న కీచుమన్న చప్పుడుకు ఆయన భుజాలు ఒక్కసారి బిగుసుకోవడం మృదుల చూసింది.

సూక్ష్మదర్శిని కింద అంతా తేటతెల్లమైంది. గింజల మధ్య పాకం లేదు. అది ఉండాల్సిన చోటల్లా చిన్న చిన్న బొరియలు. ప్రతిసారీ తన గాయం మాన్చుకోవడానికి అతుకు కార్బైడ్‌లోని కోబాల్ట్‌ను తనలోకి లాక్కుంటూ వచ్చింది. తాను బలిసింది, పంటిని గుల్ల చేసింది. పాకం పోయిన పల్లీపట్టి ఎంతసేపు నిలుస్తుంది?

"మనం వారాల తరబడి సుత్తులతో బాదినం గదా మేడం, అప్పుడెందుకు తెలవలే?" అంది నస్రీన్.

"రాత్రీ పగలూ ఆపకుండా బాదాం. దానికి మానే తీరికే ఇవ్వలేదు. ఇక్కడ మామయ్య నాలుగు వక్కలు కోసి పక్కన పెట్టేవారు. అది తీరిగ్గా మానుకుంది." మృదుల తెర మీది బొమ్మను ఫొటో తీసుకుంది. "గనిలో కూడా అంతే. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య మిషన్ ఆగుతుంది."

పైగా గని పళ్ళన్నీ ఒకేసారి బిగించినవి. ఒకటి గుల్లయిందంటే అన్నీ గుల్లయినట్టే. ఆ గనిలో బొగ్గు పొరల మధ్య ఇసుకరాయి చారలుంటాయి, గ్యాస్ ఊరుతుంటుంది. కార్బైడ్ కొస రాతిని కోస్తే నిప్పు రావడం అరుదు. కొస రాలిపోయి వట్టి ఉక్కు రాతికి రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి.

ఆమె డైరెక్టరు రంగాచారి గదికి పరుగెత్తింది. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. ఫొటో చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క అడకత్తెరను చూపించి గని ఆపమంటే ఎవరు వింటారమ్మా? అది ఏ కాలపు ఉక్కో ఏమో. గని నుంచి రెండు పళ్ళు తెప్పిద్దాం. వారంలో తేల్చేద్దాం."

"మనకు వారం ఉంది సార్. వాళ్ళకుందో లేదో" అని ఆమె అక్కడి నుంచే గనికి ఫోన్ కలిపింది.

పైన ఆఫీసులో ఎవరో ఎత్తారు. "వేణు సారు లోపల ఉన్నడు మేడం. పైకొచ్చినంక చేయమని చెప్పాల్నా?"

"వద్దు. లోపలి ఫోన్‌కు కలపండి. ఇప్పుడే."

గరగర చప్పుళ్ళ తర్వాత వేణు గొంతు వినిపించింది. వెనక యంత్రం హోరు. "ఏందే? నాయిన మంచిగున్నడా?"

"మామయ్య బాగున్నారు. వేణూ, మిషన్ ఆపు."

"ఏంది?"

"నా పళ్ళు లోపల గుల్లయ్యాయి. చూడటానికి బాగానే ఉంటాయి, ఒక్కసారే రాలిపోతాయి. మిషన్ ఆపి అందరినీ పైకి తీసుకురా. కాగితం తర్వాత పంపిస్తా."

మేనేజరుకు ఏం చెప్పాలి, రాత లేకుండా పని ఆపితే ఎవరు జవాబు చెప్పాలి, ఇవన్నీ అతని బుర్రలో తిరిగే ఉంటాయి. అవేమీ అడగలేదు.

"సరే" అన్నాడు. ఫోన్ పెట్టేయకుండానే, "కొమురన్నా, ఆపు! ఎనుకకు తియ్యి!" అని అరవడం వినిపించింది. తర్వాత లైను పోయింది.

మృదుల, సారు కారులో బయలుదేరారు. దారిలో ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. సిద్దిపేట దాటాక సారు, "పండుగప్పుడే చెప్పి ఉంటే" అన్నారు, సగంలో ఆగిపోయారు. ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. కరీంనగర్ దగ్గర ఫోన్ మోగింది. వేణు కాదు, కొమురయ్య. అందరూ పైకొచ్చారట. వేణు సారు చేతులు కాలాయట, ఆసుపత్రికి రమ్మన్నాడు.

జరిగిందంతా కొమురయ్యే వరండాలో చెప్పాడు. మసి కడుక్కోని మొహంలో ఆయన కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"నేను ఆపిన మేడం. కానీ డోలు గంతల్నే ఆగదు గద, తిరుగుకుంట తిరుగుకుంట ఆగుతది. ఎనుకకు గుంజుతుంటే పైనున్న రాయికి తాకింది. గలగల రాలినయి పండ్లు, జొన్నలు రాలినట్టు. ఎనుకనే నిప్పులు. కప్పు కింద నీలం మంట లేసింది. మేమందరం అప్పటికే ఎనుక మలుపుకాడ ఉన్నం, సారు ఉండుమన్నడు. సారొక్కడే ముందుకు ఉరికి నీళ్ళ వాల్వు చేతులతోని తిప్పిండు. అది కాలుతున్నది. అయినా వదలలే." ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మంట పాకకముందే ఆరింది. ఇంకొక్క కోత కోసి ఉంటే మీకు చెప్పనీకె నేను లేకపోతుంటి."

వేణు రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. కనుబొమలు కాలిపోయి మొహం బోడిగా, విచిత్రంగా ఉంది. తండ్రిని చూసి నవ్వాడు. "నాయినా, నన్ను గుర్తుపట్టినవా?"

సారు మంచం పక్కకు వచ్చారు. కొడుకు తలను రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు తన పొట్టకు ఆనించుకున్నారు.

తర్వాత సారు బయటికి వెళ్ళాక మృదుల మంచం అంచున కూర్చుంది. "నా వల్లే" అంది.

"నీ వల్లనే" అన్నాడు వేణు. "నువ్వు ఫోన్ చేయబట్టే అందరం పైకొచ్చినం."

"నేను దాని గురించి చెప్పట్లేదు."

"నాకెరుకే." అతను ఆమె వైపు తిరిగాడు. "రెండూ నీవే మృదూ. ఒకటి పట్టుకొని ఒకటి వదిలిపెడతానంటే నడవదు. రెండూ ఉంచుకో."

ఆమె అతని కట్టు కట్టిన చేతుల మీద తల వాల్చబోయి, నొప్పి పుడుతుందని భుజం మీద వాల్చింది.

మరుసటి రోజే యడాగమం పళ్ళున్న యంత్రాలన్నీ ఆపించి, వారంలోగా పళ్ళన్నీ అన్ని చోట్ల నుంచీ వెనక్కి తెప్పించారు. వాటిని వెనక్కి పంపమన్న ఉత్తరం కింద మృదుల సంతకం పక్కన రంగాచారి కూడా అడగకుండానే సంతకం పెట్టాడు. విచారణలో ఆమె అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. తనిఖీ తగ్గించమన్నది తానేనని కూడా. సారు ఇంట్లో మళ్ళీ మళ్ళీ, "నేను దాచకపోతే" అంటుంటే ఆమె ఒకరోజు గట్టిగా కసిరింది. "మీరు దాచింది ఒక అడకత్తెర మామా. ఊడదు, చూడక్కర్లేదు అని రాసిచ్చింది నేను. నా తప్పులో మీకు వాటా ఇవ్వను." ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు.

వేణు కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాడు. కట్లు విప్పాక ఎడమ చెయ్యి బాగుపడింది. కుడిచేతి వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోవు, ఇక ముడుచుకోవన్నారు. పొద్దున పూట మృదుల అతని చొక్కా గుండీలు పెట్టేది. తర్వాత సారు అన్నం కలిపి ముద్దలు పెట్టేవారు. "గోంగూర ఎక్కువైంది" అని కొడుకు, "చిన్నప్పుడు గిట్లనే సతాయించినవ్" అని తండ్రి. ఇద్దరినీ చూస్తూ ఆమె పనికి ఆలస్యంగా వెళ్ళేది.

పనిలోకి వెళ్ళినా యడాగమాన్ని ముట్టుకోలేదు. లేజర్ గది తాళం తీసి, కూర్చుని, తాళం వేసి వచ్చేది.

ఒక సాయంత్రం వేణు చెంచాతో ఉప్మా తినడం నేర్చుకుంటూ యథాలాపంగా అన్నాడు. "పాత పండ్లు ఊడినప్పుడు కొమురయ్య తిట్టుకునేటోడు గని, అదొక కబురు లెక్క ఉండేది. మిషన్ చప్పుడు మారేది. 'నాతోని కాదు, ఇగ చాలు' అన్నట్టు. మనం ఆపేటోళ్ళం. నీ పండ్లు ఒక్కమాట అనలే. ఎంత నొప్పున్నా పైకి చెప్పుకోని మనిషి లెక్క."

మృదుల చేతిలో గ్లాసు ఆగిపోయింది. వేణుకు ఏమీ అర్థం కాలేదు. ఆమె లేచి వెళ్ళి నస్రీన్‌కు ఫోన్ చేసింది.

ఆమె ఆలోచన చిన్నదే. అతుకు కార్బైడ్ నుంచి కోబాల్ట్‌ను లాక్కోకుండా మధ్యలో సన్నటి అడ్డుగోడ పెట్టాలి. మాన్చుకోవడానికి దాని చద్దిమూట దానికే కట్టివ్వాలి, కొంత మేరకే. ఆ మూట అయిపోయాక అతుకు ఇక మానదు. వదులవుతుంది. కార్బైడ్ గుల్ల కాకముందే పన్ను ఊడిపోతుంది.

నస్రీన్ విని నవ్వింది. "ఇన్నేండ్లు ఊడకుండ చేయనీకె చచ్చినం. ఇప్పుడు ఊడగొట్టనీకె చస్తామా మేడం?"

"అవును. సరిగ్గా ఊడాలి."

అది అనుకున్నంత తేలిక కాలేదు. కొన్ని వెంటనే ఊడాయి. కొన్ని అసలు ఊడలేదు, వాటినే ఎక్కువ భయంగా చూశారు. ఈసారి వాటికి విరామాలిచ్చారు. నరకడం, ఆపడం, మానడం, మళ్ళీ నరకడం. తొందరపడలేదు. రెండు వానాకాలాలు గడిచాక కొత్త పళ్ళు గనికి వెళ్ళాయి. షిఫ్టుకోసారి దీపం పట్టి చూడాలన్న షరతు మృదులే ముందు పెట్టింది.

వాటితో పాటు ఆమె కూడా దిగింది. ఇన్నేళ్ళలో గనిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. కాళ్ళకు ఒక సైజు పెద్ద బూట్లు, నెత్తిన టోపీ దీపం. ఏటవాలు దారిలో దిగుతుంటే గాలి ముందు చల్లగా, తర్వాత తడి గుడ్డలా మొహానికి తగిలింది. వేణు పక్కనే నడిచాడు. దారి మెలిక తిరిగిన చోటల్లా వంగని వేళ్ళతోనే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. అతను ఇప్పుడు బొగ్గు నరికే చోట పని చెయ్యడు, పైన భద్రత విభాగం చూస్తాడు. ఈ రోజుకు మాత్రం అడిగి మరీ వచ్చాడు.

ఆ రోజు పళ్ళేమీ ఊడలేదు. మర్నాడు కూడా లేదు. మృదుల వెనక మలుపు దగ్గర నిలబడి, చప్పుడే వింటూ గడిపింది. కొమురయ్య యంత్రం దగ్గర కూర్చుని మధ్యమధ్యలో ఆమె వైపు చూసేవాడు. ఆయనకూ భయంగానే ఉంది. అయినా ఇంకెవరినీ ఆ సీట్లో కూర్చోనివ్వలేదు.

వారం చివర, భోజనాల తర్వాత యంత్రం హోరులో ఏదో తేడా వచ్చింది. నడిచే మనిషి చెప్పులో రాయి దూరితే తడబడినట్టు, డోలు ఒక్కచోట తడబడుతోంది. మృదుల చెప్పేలోపే కొమురయ్య ఆపేశాడు. నీళ్ళు కొట్టి, గ్యాస్ చూసి, దీపం పట్టుకుని డోలు దగ్గరికి వెళ్ళాడు. కింద బొగ్గులో చేత్తో వెతికాడు.

"ఊడింది మేడం!" అని అరిచాడు.

తన పనితనం ఊడిపడితే ఇంజనీరు మొహం ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్ళకు తెలుసు. ఎవరూ కదల్లేదు. కొమురయ్య ఆ ముక్కను తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. ఆమె దీపం వెలుగులో తిప్పి చూసింది. కొస అరిగింది. అరగాల్సినంతే అరిగింది. గోరుతో నొక్కింది. గోరు విరిగింది గాని ముక్క చెక్కుచెదరలేదు. అతుకు దగ్గర అంచు నున్నగా, చేతితో వదిలేసినట్టు విడిపోయి ఉంది.

మృదుల నవ్వింది. నవ్వుతూనే ఉంది గానీ చెంపల మీద బొగ్గుమసిలో రెండు చారలు దిగాయి.

"ఏంది, ఏడుస్తున్నవా?" అన్నాడు వేణు.

"కంట్లో బొగ్గు పడింది."

"ఏ కంట్ల?"

"రెండింట్లోనూ" అందామె.

కొమురయ్య అప్పటికే సంచీలోంచి కొత్త పన్ను తీసి, ఖాళీ గూట్లో పెట్టి సుత్తితో దిగగొడుతున్నాడు. పని చూస్తూ నిలబడ్డ వాళ్ళను, "ఇగ ఎనుకకు జరుగుండ్రి, పొద్దు పోతున్నది" అని తోలాడు. అందరూ మలుపు దాకా నడిచారు. ఆమె ఆ ముక్కను పిడికిట్లోనే పట్టుకుని నడిచింది. వెనక యంత్రం మళ్ళీ నిదానంగా అందుకుంది.